పరీక్షాభయము: దాని పుట్టుపూర్వోత్తరములు



విశ్వవిద్యాలయములలో చదువు మన బిడ్డలు పరీక్షలలో చాటుగా చిట్టీలు చూచి వ్రాయుట యేల? ఆ పరీక్ష పేరు వినినంతనే వారికి నిద్రాహారములు తప్పుట యేల? ఈ రెండు ప్రశ్నలను లోకము వేరువేరుగా అడుగుచున్నది. మొదటిదానికి పోలీసులను, రెండవదానికి వైద్యులను పిలుచుచున్నది. నేను పాలమూరు జిల్లాలో ముప్పదియేండ్లకు పైగా తెలుగు పండితుడనై పిల్లలకు పాఠములు చెప్పి, 2018లో ఉద్యోగము విరమించి, ఇప్పుడు నల్లగొండలో కాలము గడుపుచున్నవాడను. నా యనుభవమును, నేను చదివిన చరిత్రను ప్రక్కప్రక్కన నుంచి చూడగా, ఈ రెండును ఒకే తల్లి కడుపున పుట్టిన కవలలని నాకు తోచినది. ఆ సంగతి మీకు మనవి చేయుదును.

ముందుగా నా చిన్ననాటి పరీక్షను చెప్పెదను. కల్వకుర్తి ప్రాంతమున మా గురువుగారి అరుగుమీద శబ్దమంజరియు, అమరమును, రఘువంశమును చదువుకొంటిని. ఆయన పరీక్ష యెట్లుండెడిదనగా, బావికడ నీళ్లు తోడుచు తోడుచు, హఠాత్తుగా ఒక శ్లోకపు నడిమి పాదము నందించి, "పైది చెప్పుమురా" అనెడివారు. చెప్పలేకపోయితినా, ఆనాడు క్రొత్తపాఠము లేదు. పాతదే మరల చదువవలెను. అంతకు మించిన శిక్ష లేదు. భయము లేకపోలేదు గాని, ఆ భయము ఆ పూటతో తీరెడిది. ఏలయన మరునాటి యుదయము మరల పరీక్ష, మరల అవకాశము.

పూర్వము మిథిలలో శలాకాపరీక్ష యను పద్ధతి యుండెడిదని సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. తాళపత్రగ్రంథమును సూదితో పొడిచి, దాని మొన యే యాకువరకు దిగెనో ఆ యాకులోని విషయమును విద్యార్థి వ్యాఖ్యానింపవలెను. అంత దూరమేల? మన పాలమూరు సీమలోనే గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానములుండెను. గద్వాలను విద్వద్గద్వాల యని పిలిచిరి. ఈ సీమ సంస్థానములకు తిరుపతి వేంకటకవులు వచ్చి తమ విద్యను చూపి సన్మానములు పొందిరి. అవధానమునకు మించిన పరీక్ష ఏది? పృచ్ఛకులు చుట్టును కూర్చుండి ప్రశ్నింతురు. సభ యంతయు చూచుచుండును. అవధాని ఆ క్షణమున తన నోటితో తాను చెప్పవలెను. అచ్చట చిట్టీకి చోటే లేదు.

ఇంతటితో ఊరకుండినచో నేను పాతకాలపు పండితుల పక్షమే పలికినవాడ నగుదును. ఆ అరుగులమీద కూర్చుండినవారెవరు? కూలివాని కొడుకు కూర్చుండెనా? ఆడుబిడ్డ కూర్చుండెనా? అంటరానివారని ఊరిబయట నుంచినవారి బిడ్డ ఆ వాకిట నిలువగలిగెనా? గురువు శిష్యుని ఎరిగియుండుట ఆ విద్యకు బలము. తానెరిగిన యింటివానినే చేర్చుకొనుట దానికి దోషము. పేరు చూడక, కులము చూడక, అంకెను మాత్రమే చూచు పరీక్ష వచ్చి ఆ తలుపును తెరచినది. కావున పరీక్షను తిట్టుటకు నేను రాలేదు. దానికి రోగము ఎక్కడ పట్టినదో చూపుటకే వచ్చితిని.

పేరు చూడని పరీక్షను లోకమునకు మొదట చూపినది చీనాదేశము. ఏడవ శతాబ్ది మొదట స్వీ వంశపు రాజులకాలమున ఆరంభమై, 1905లో రద్దగువరకు, సుమారు 1300 సంవత్సరములు అక్కడ ప్రభుత్వోద్యోగులను పరీక్షలతో ఎన్నుకొనిరి. సోంగ్ వంశకాలమున జవాబుపత్రముపై పేరు కనబడకుండ కప్పివేసిరి. చేవ్రాతను గుర్తుపట్టకుండ లేఖకులచేత ప్రతి పత్రమునకు మరొక ప్రతి వ్రాయించి, ఆ ప్రతినే దిద్దించిరి. ఇంతకంటె న్యాయమైన యేర్పాటు ఏమి కలదు? అయినను అరచేతిలో ఇముడు చిన్నపుస్తకములును, లోచొక్కాలపై చీమలబారువలె వ్రాసికొన్న గ్రంథములును అక్కడనే బయలుదేరినవి. 1858లో పెకింగున జరిగిన పరీక్షలో అక్రమము బయటపడగా, మరుసటి యేడు ప్రధాన పరీక్షాధికారియైన మహామాత్యునికే శిరచ్ఛేదము చేసిరి. అంతటి శిక్షకును చాటువ్రాతలు రూపుమాసిపోలేదు.

ఆ దేశముననే హుంగ్ శ్యూచ్వాన్ అను యువకుడు పరీక్షలో మాటిమాటికి తప్పి, 1837లో మంచముపట్టి, జ్వరములో వింతదర్శనములు కనెను. తరువాత అతడు నాయకుడై లేపిన తైపింగు తిరుగుబాటు 1850 మొదలు 1864 వరకు సాగినది. అందు రెండుకోట్లమందికి తక్కువకాకుండ నశించిరని చరిత్రకారుల అంచనా. ఆ తిరుగుబాటుకు కరవు, పరిపాలనాదోషము మొదలగు కారణములు అనేకము కలవు. కాని ఒక చదువరి మనస్సు పరీక్షవలన ఎట్లు విరిగిపోగలదో దానిలో మనకు కనబడుచున్నది. చిట్టీయు, చిత్తక్షోభయు ఆనాడే జంటగా పుట్టినవి. దానికి కారణము పేరు దాచుట కాదు. ఒక్క పరీక్షపై ఒక కుటుంబపు బ్రతుకంతయు వ్రేలాడుట.

ఈ పద్ధతి మనకు ఇంగ్లీషువారి ద్వారా వచ్చెను. 1854లో నార్తుకోటు, ట్రెవిల్యన్ అనువారు ఉద్యోగములను సిఫారసులతో గాక పోటీపరీక్షలతో ఈయవలెనని నివేదించిరి. 1855లో సివిలు సర్వీసునకు పోటీపరీక్ష మొదలైనది. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసులలో విశ్వవిద్యాలయములు వెలసినవి. ఇచ్చట ఒక్క సంగతి గమనింపుడు. లండను విశ్వవిద్యాలయమును మాదిరిగా గైకొన్న ఆ సంస్థలు మొదట పాఠము చెప్పలేదు. పాఠము చెప్పుట కళాశాలల పని; విశ్వవిద్యాలయము పరీక్షించి పట్టము నిచ్చెడిది. బోధించినవాడు వేరు, పరీక్షించువాడు వేరు. బోధించినవానికి బిడ్డ తెలియును గాని తీర్పు చెప్పు అధికారము లేదు. తీర్పు చెప్పువానికి అధికారము కలదు గాని బిడ్డ తెలియడు. మన రోగమునకు వేరు ఇచ్చటనే యున్నదని నా అభిప్రాయము.

ఈ సందర్భమున విద్యార్థులకు ఒక ఊరట మాట. 1858లో కలకత్తాలో మొదటి బి.ఏ. పరీక్ష జరిగినది. గట్టెక్కినవారు ఇద్దరే. అందొకడు తరువాత వందేమాతరగీతమును వ్రాసిన బంకించంద్రుడు. రెండవవాడు యదునాథ బోసు. ఆ ఇద్దరును ఒక విషయమున తప్పగా, ఏడింటికి మించకుండ దయమార్కులు కలిపి పట్టము లిచ్చిరి. ఆనాటి అధికారులు ఏడు మార్కుల దయ చూపకపోయినచో బంకించంద్రుడును తప్పినవాడే. మార్కు మనుష్యుని కొలత కాదనుటకు ఇంతకంటె సాక్ష్యము కావలెనా? 1917 మొదలు 1919 వరకు కలకత్తా విశ్వవిద్యాలయమును పరిశీలించిన సాడ్లరు సంఘమును, 1948-49లో రాధాకృష్ణన్ సంఘమును పరీక్షాపద్ధతిని బాగుచేయవలెనని గట్టిగా చెప్పినవి. వినినవారు కొలదిమంది.

ఇక మన నైజాము రాష్ట్రమునకు వత్తము. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసినది. ఉన్నతవిద్యను ఇంగ్లీషులో గాక దేశభాషలో చెప్పవలెనను సంకల్పము గొప్పది. శాస్త్రగ్రంథములను అనువదించుటకు ప్రత్యేకముగా ఒక శాఖనే నెలకొల్పిరి. కాని ఆ దేశభాష ఉర్దూ. నల్లగొండ, పాలమూరు పల్లెలలో ఇంట తెలుగు మాటలాడు పిల్లవానికి అదియు నేర్చుకొనవలసిన భాషయే. 1948లో సంస్థానము భారతదేశమున చేరిన పిమ్మట ఇంగ్లీషు వచ్చెను. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి పుస్తకములు వ్రాయించుటతో తెలుగులో డిగ్రీచదువునకు దారి యేర్పడినది గాని, ఉద్యోగము కోరువారు మరల ఇంగ్లీషువైపే పోయిరి. అర్థముకాని భాషలో వ్రాయవలసినవాడు ఏమి చేయును? ఎవరో వ్రాసినదానిని అట్లే కంఠస్థము చేయును. కంఠస్థము కానిచో జేబులో పెట్టుకొనును. బజారులో గైడ్లు అమ్ముడుపోవుటకు, హాలులో చిట్టీలు పుట్టుటకు ఈ భాషాదుఃఖము ఒక ముఖ్యకారణము.

అయినను మన విద్యార్థులు పరీక్షకు దాసులు మాత్రమే అనుకొనరాదు. 1938లో ఉస్మానియా వసతిగృహములలో వందేమాతరము పాడరాదని నిషేధింపగా, విద్యార్థులు లొంగక సమ్మెచేసి బహిష్కృతులైరి. చదువు మధ్యలో తెగినది. వారిలో ననేకులను నాగపురము విశ్వవిద్యాలయము చేర్చుకొనగా అక్కడ చదువు ముగించిరి. మన పి.వి. నరసింహారావుగారును అట్లు పోయినవారే. ఒక ద్వారము మూసికొన్నను మరియొకటి తెరచియుండుటచేత వారి ధైర్యము వ్యర్థము కాలేదు. ఈ మాటను గుర్తుంచుకొనుడు. తరువాత మరల ప్రస్తావింతును.

మా రెండు జిల్లాలు మెట్టసీమలు. కృష్ణ మా దక్షిణపుటంచును ఒరసికొని పారుచుండినను, ఎగువభూములు చిరకాలము ఆకాశమువైపే చూచినవి. పాలమూరు కూలీల చేయి పడని ఆనకట్ట దేశమున లేదని మా వైపు చెప్పుకొందురు. నల్లగొండ పల్లెలలో ఫ్లోరైడు నీరు త్రాగి ఎముకలు వంగినవారిని నేనెరుగుదును. 2011 జనాభాలెక్కలలో మహబూబునగరము జిల్లా అక్షరాస్యత 55.04 శాతము, అప్పటి ఆంధ్రప్రదేశ్ జిల్లాలన్నిటిలో ఇదే కడపటిది. నల్లగొండ 64.20 శాతము. 2007లో నల్లగొండలో, 2008లో మహబూబునగరమున విశ్వవిద్యాలయములు వెలసినవి. అవి నేడు మహాత్మాగాంధీ, పాలమూరు విశ్వవిద్యాలయములు. అంతకుముందు మా డిగ్రీ కళాశాలలు ఉస్మానియాకు అనుబంధములు. ఇంటిలో మొదట బడికి పోయిన తరమే నేడు విశ్వవిద్యాలయమున కూర్చున్నది. ఆ బిడ్డకు చదువు చెప్పగల పెద్దవారు ఇంట లేరు. తప్పినచో దున్నుకొనుటకు నీరున్న పొలము లేదు. తండ్రి పూనాలోనో, బొంబాయిలోనో ఇటుకలు మోయుచుండును. ఆ మూడుగంటల కాగితముమీద ఆ ఇటుకల బరువంతయు ఉండును.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పవలసియున్నది.

1998 మార్చి. పదవ తరగతి పరీక్షలు. పరీక్షలలో అక్రమములను అరికట్టుటకు 1997లో చేసిన చట్టము అప్పటికి క్రొత్తది. మా పాఠశాలలో ఉపాధ్యాయులు చాలక సాంఘికశాస్త్రమును కూడ నేనే చెప్పుచుంటిని. పట్టికలో నేను తెలుగు పండితుడనే గనుక, సాంఘికశాస్త్రపు పరీక్షనాడు నన్ను పర్యవేక్షకునిగా వేసిరి. మా ఊరి పిల్లవాడొకడు మోకాలిక్రింద చిట్టీ పెట్టుకొని వ్రాయుచుండగా పట్టుకొంటిని. విప్పి చూచితిని. కాకతీయసామ్రాజ్యము పతనమగుటకు ఐదు కారణములు. వరుస నాది, మాటలు నావి. నేను నల్లబల్లపై వ్రాయించినవి. వాడు తలయెత్తి, "సార్, ఇవి మీరు చెప్పినవే గద" అనెను.

నేను ఆ చిట్టీని నలిపి నా జేబులో వేసికొంటిని. పై అధికారికి చెప్పలేదు. వాడు ఉత్తీర్ణుడయ్యెను. ఆ యేడు మా బడి ఫలితములు బాగుండెనని నలుగురును మెచ్చిరి. వానిపై దయచేత ఊరకుంటినా, బడిపేరు పోవునను భయముచేత ఊరకుంటినా, నేటికిని నేను నిశ్చయింపలేకున్నాను.

మూడేండ్లకు వాడొకరాత్రి మా యింటికి వచ్చెను. పట్టణములోని ఒక కళాశాలలో ఇంగ్లీషులో డిగ్రీ చదువుచుండెను. చాలసేపు మాటలాడక కూర్చుండి, తుదకు "సార్, నాకు చూసి రాసుడే వచ్చు. సొంతంగ రాసుడు రాదు. హాల్ల కూసుంటే చేతులు వణుకుతున్నయ్" అనెను. ముప్పదియేండ్ల ఉద్యోగములో ఏ తనిఖీ అధికారియు నన్నట్లు నిలదీయలేదు. వాడు చదువు మానివేసి తండ్రితో పూనా పోయెను.

ఆ రాత్రినుండి నేను ఆలోచించితిని. ఆ ఐదు కారణములను మరియొక బాలుడు తల్లోనుండి తీసి వ్రాసి ఫస్టుక్లాసు తెచ్చుకొనెను. వీడు జేబులోనుండి తీసి దొంగ యయ్యెను. ఓరుగల్లు కోట ఏల పడిపోయెనని ఆ ఇద్దరిలో ఒక్కడైనను తనంతట తాను తలచెనా? లేదు. తలచుడని నేను చెప్పలేదు. "ఇది వచ్చును, ఇట్లు వ్రాయుడు" అని మాత్రమే చెప్పితిని. మొదటివాడు శ్రమపడెను, రెండవవాడు నియమము తప్పెను. ఆ తేడాను నేను కాదనను. కాని ఒకని తలలోని చిట్టీని, మరియొకని జేబులోని చిట్టీని వ్రాసినవాడను నేనే. చూచి వ్రాయువానికి హాలులో చేతులు వణకుట వింత కాదు. తన కాలిపై తాను ఎన్నడును నిలువనివానిని మనము ఏటిలో దింపుచున్నాము.

పిల్లల దోషములు ఇట్టివి. పెద్దల దోషములు ఎట్టివి? కంచెయే చేను మేసిన కథలు ఈ మధ్యకాలమున చాల చూచితిమి. 2022 అక్టోబరు 16న గ్రూపు-1 ఉద్యోగములకు ప్రాథమిక పరీక్ష జరిగినది. ఉద్యోగములు 503, వ్రాసినవారు రెండు లక్షలకు మించినవారు. ప్రశ్నపత్రము ముందే బయటపడుటచేత 2023 మార్చి 17న దానిని రద్దుచేసిరి. జూనులో మరల జరిపిన పరీక్షను సెప్టెంబరులో ఉన్నతన్యాయస్థానము రద్దుచేసినది. 2024 జూనులో మూడవసారి వ్రాసిరి. 2023 ఏప్రిల్ 3న తాండూరులో పదవ తరగతి తెలుగు ప్రశ్నపత్రము పరీక్ష మొదలైన కొలదినిమిషములకే ఫోనులలో తిరిగినది. 2025 మార్చి 21న మా నల్లగొండ జిల్లా నకిరేకల్లులో అదే తెలుగు పరీక్షనాడు ప్రశ్నపత్రమును ఫోనులో ఛాయాచిత్రము తీసి వాట్సాపులో పంపిరి. తెలుగు చెప్పి బ్రతికినవాడను. ఆ వార్తలు చదివి తలవంచుకొంటిని.

2024లో కేంద్రప్రభుత్వము చేసిన చట్టము ప్రశ్నపత్రములను అమ్ముకొనువారికి మూడు మొదలు ఐదేండ్ల కారాగారమును, పదిలక్షలవరకు జరిమానాను విధించుచున్నది. ముఠాగా చేసినవారికి ఐదు మొదలు పదేండ్లు, కోటి రూపాయలకు తక్కువకాని జరిమానా. పరీక్ష వ్రాయు బిడ్డను ఆ చట్టము జైలులో పెట్టదు. అతని సంగతి పరీక్షాసంస్థల నియమములకు విడిచినది. ఈ వివేకము నాకు నచ్చినది. చిట్టీ పెట్టుకొన్న పిల్లవానిని, ప్రశ్నపత్రము నమ్మిన వర్తకుని ఒకే గాటికి కట్టరాదు.

దిద్దువాని దోషము ఇంకను ఘోరము. 2019 ఏప్రిల్ 18న వెలువడిన తెలంగాణ ఇంటర్మీడియెటు ఫలితములను మరచితిమా? ఒక విద్యార్థినికి తెలుగులో వచ్చిన 99 మార్కులు సున్నగా వచ్చినవి. తప్పినవారు మూడులక్షలకు పైబడిరి. ఆ దినములలో ఇరువదిమందికి మించిన బిడ్డలు ప్రాణములు విడిచిరి. తరువాత తప్పినవారందరి పత్రములను ఉచితముగా మరల చూడగా, వెయ్యిమందికి పైగా ఉత్తీర్ణులని తేలినది. 2022లో దేశమంతట ప్రాణము తీసుకొన్న విద్యార్థులు 13,044 మంది అని ప్రభుత్వపు లెక్క. అందరికిని పరీక్షయే కారణమని చెప్పరాదు. ఒక్కొక్కరి దుఃఖమునకు అనేకకారణము లుండును. కాని 2025 జులైలో సర్వోన్నతన్యాయస్థానము విద్యాసంస్థలకు పదునైదు మార్గదర్శకసూత్రములు విధింపవలసివచ్చెననగా, ఇది ఏదో ఒక యింటి దుఃఖము కాదని తెలియుచున్నది.

మరి చేయవలసినదేమి? నేను మంత్రిని కాను. పంతులుగా తోచినది చెప్పెదను. పేరు చూడని పరీక్ష ఉండవలసినదే; అది లేనిచో కూలివాని కొడుకునకు దారి లేదు. కాని గ్రుడ్డిదైన ఆ పరీక్షకు ముందు, బిడ్డను ఎరిగిన గురువు ఒకడుండవలెను. నెలకొకసారి యైనను వానిచేత తన మాటలతో చెప్పించి, తప్పును వాని యెదుటనే దిద్దవలెను. ప్రశ్న అడుగువారు కంఠస్థము చాలని ప్రశ్న అడుగవలెను. తప్పిన బిడ్డకు నాగపురమువలె మరియొక ద్వారము తెరచియుండవలెను. తల్లిదండ్రులు ఆ ద్వారమున్నదని పరీక్షకు ముందే నోటితో చెప్పవలెను. ఫలితము వచ్చిన పిమ్మట చెప్పిన ఓదార్పు చాలమారులు ఆలస్యమగును. మనస్సు బరువెక్కినవారు 14416 అను టెలీ-మానస్ సంఖ్యకు ఏవేళనైనను ఫోనుచేయవచ్చును, తెలుగులోనే మాటలాడుదురు.

ఆ పిల్లవాడు నేడు మేస్త్రీ. వాని కూతురు మహబూబునగరమున డిగ్రీ చదువుచున్నది. సంవత్సరమునకు రెండు సెమిస్టరు పరీక్షలు. పరీక్షలముందు నాకు ఫోనుచేసి, "తాతా, అడుగు" అనును. నేనడుగుదును. గైడు మూసి చెప్పుమందును. తడబడుచు, తప్పులతో, తన మాటలలో చెప్పును. మొన్న కాకతీయుల సంగతియే అడిగితిని. నేను వ్రాయించిన ఐదింటిలో మూడు వదలివేసి, నేనెన్నడు తలపని ఒక కారణము చెప్పెను. చెరువులు త్రవ్వించిన రాజు పోయిన పిమ్మట ఆ చెరువులను ఎవరు కాపాడిరని నన్నే తిరిగి అడిగెను. నేను సంతోషముతో బాగున్నదంటిని. వెంటనే ఆ బిడ్డ, "మరి ఇది గైడుల లేదు తాతా. రాస్తె మార్కులేస్తరా?" అనెను.

ఆ ప్రశ్నకు సమాధానము నా చేతిలో లేదు. పత్రములు దిద్దు పెద్దలు ఈ ప్రసంగమును వినుచున్నచో, వారి చేతిలో కలదు.